చిగుళ్ల జబ్బుకు రేపటి వైద్యం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఈమధ్య ఫోన్లో చూసిన ఒక వీడియో కూడా వెంట తెస్తున్నారు. జన్యు పరీక్షతో తేలిపోతుందట, మంచి బ్యాక్టీరియా బిళ్లలు వచ్చాయట, టీకా వస్తోందట. మందుల చీటీ ఇంగ్లీషులో, కౌంటరు దగ్గర మాట ఒడియాలో, సందేహం మాత్రం తెలుగులో. అడిగిన సందేహాలే తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## జబ్బు ఎలా పుడుతుంది

పళ్లు తోముతుంటే రక్తం వస్తోంది, నొప్పి మాత్రం లేదు. దీన్ని జబ్బు అనాలా?

అనాలి. చిగుళ్ల జబ్బు చాలాకాలం నొప్పి లేకుండానే నడుస్తుంది. మొదటి దశ చిగురు వాపు, అంటే జింజివైటిస్. ఇది పూర్తిగా వెనక్కి తిరిగే దశ. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో సర్దుకున్నాయి. రెండో దశ పెరియోడాంటైటిస్. ఇందులో పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది, కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

రక్తం వచ్చిన ప్రతిసారీ కారణం పాచే కాకపోవచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకు తొందరగా కారుతుంది. బీపీకి వాడే అమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తాయి. బ్రష్ తగలకుండానే రక్తం కారుతూ, జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు కూడా ఉంటే ముందు రక్త పరీక్ష చేయించండి. గార గీకించే స్కేలింగ్ సంగతి ఆ తర్వాత.

నోట్లో 700 రకాల బ్యాక్టీరియా ఉంటాయట. అన్నింటినీ చంపేస్తే పోలా?

పోదు, పైగా నష్టం. మనుషులందరి నోళ్లలో కలిపి ఇప్పటిదాకా గుర్తించిన జాతులు 700 దాటాయి. ఒక్కొక్కరి నోట్లో ఉండేవి అందులో కొంత భాగమే. వాటిలో ఎక్కువ భాగం హాని చెయ్యవు, కొన్నింటితో పని కూడా ఉంది. తోటకూర, పాలకూరలాంటి ఆకుకూరల్లోని నైట్రేట్‌ను రోథియా, నైసీరియా జాతులు నోట్లోనే నైట్రైట్‌గా మారుస్తాయి. అది మింగాక నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను సడలిస్తుంది. ఘాటు మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలిస్తే ఈ పని దెబ్బతింటుంది. అదీగాక నోరు ఖాళీగా ఉండదు. చంపిన గంటల్లోనే కొత్త పొర మొదలవుతుంది. అందులో ఎవరు ముందు చోటు పట్టుకుంటారన్నదే ఇప్పటి పరిశోధకుల ప్రశ్న.

అసలు దోషి ఒకే క్రిమి అని, దాని పేరు పి. జింజివాలిస్ అని విన్నాం. నిజమేనా?

సగం నిజం. 1998లో అమెరికాలో సోక్రాన్‌స్కీ బృందం పళ్ల సందుల్లోని పాచిని వేల నమూనాల్లో పరీక్షించి, లోతైన పాకెట్లలో (పన్నుకూ చిగురుకూ మధ్య ఏర్పడే గుంటల్లో) మూడు జాతులు కలిసి కనబడుతున్నాయని చెప్పింది: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, తన్నెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనెమా డెంటికోలా. వీటికి ఎర్ర గుంపు అని పేరు పెట్టారు. ఈ మూడింటినీ తుడిచేస్తే జబ్బు పోతుందని చాలాకాలం అనుకున్నారు.

2011లో హజిషెంగాల్లిస్ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం ఆ లెక్కను మార్చింది. పి. జింజివాలిస్ మొత్తం బ్యాక్టీరియాలో 0.01 శాతం కన్నా తక్కువ ఉన్నా ఎముక కరిగింది. అదే క్రిమిని మరే బ్యాక్టీరియా లేని ఎలుక నోట్లో ఒంటరిగా పెడితే ఎముక కరగలేదు. అంటే విధ్వంసం అది సొంతంగా చెయ్యడం లేదు, చేయిస్తోంది. ఊళ్లో ఒక్క తగాదాకోరు చేరి, అప్పటిదాకా సర్దుకుపోతున్న వాళ్లందరినీ కలహానికి దింపినట్టు.

ఎలా చేయిస్తుందో కూడా చాలావరకు తెలిసింది. దాని దగ్గర జింజిపెయిన్ అనే ఎంజైములు ఉన్నాయి. మన రక్తంలో క్రిములను గుర్తించి దాడికి పిలిచే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరసను ఇవి మధ్యలో కోస్తాయి. ఫలితం విచిత్రంగా ఉంటుంది. తెల్లకణాలు వస్తాయి, వాపు వస్తుంది, క్రిమిని చంపే పని మాత్రం జరగదు. వాచిన చిగురు నుంచి రక్తం, ముక్కలైన ప్రోటీన్లు పాకెట్లోకి కారతాయి. పి. జింజివాలిస్‌కు బతకడానికి కావలసింది సరిగ్గా రక్తంలోని హీమ్ అనే ఇనుమున్న పదార్థం, ఆ ప్రోటీన్ ముక్కలు. గాలి లేని లోతు పాకెట్లో అదీ, దాని తోటివీ పెరుగుతాయి, వాపు ఇంకా పెరుగుతుంది. వాపు క్రిములను మేపుతుంది, క్రిములు వాపును రేపుతాయి. రాబోయే మందులన్నీ ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలని చూసేవే.

అదే పాచి, అదే గార. మా ఆయనకు పళ్లు ఊడుతున్నాయి, నాకేం కాలేదు. ఎందుకు?

ఎముకను కరిగించేది బ్యాక్టీరియా కాదు, దానిమీదకు వెళ్లిన మన ఒంటి రక్షణ వ్యవస్థే. తెల్లకణాలు వదిలే ఎంఎంపీ-8 అనే ఎంజైము చిగురులోని కొల్లాజెన్ నారను కోస్తుంది. వాపు సంకేతాలు ఎముకను తినే కణాలను నిద్రలేపుతాయి. ఈ స్పందన ఒక్కొక్కరిలో ఒక్కో తీరు.

దీనికి గట్టి ఉదాహరణ శ్రీలంక తేయాకు తోటల్లోది. పళ్లు తోముకునే అలవాటు, దంతవైద్యం రెండూ లేని 480 మంది కూలీలను 1970 నుంచి 15 ఏళ్లు గమనించారు. అందరికీ పాచి, గార దండిగా ఉన్నాయి. 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతం మందికి ఓ మోస్తరుగా, 11 శాతం మందికి చిగురు వాపు దాటి వెళ్లనేలేదు. కవలలపై 2000లో వచ్చిన అధ్యయనం ఈ తేడాలో దాదాపు సగం వారసత్వానిదని లెక్కగట్టింది. మిగతా సగంలో పెద్ద వాటా పొగాకుది, అదుపులో లేని షుగరుది.

మా అత్తగారు గుడాకుతో తోముకుంటారు. చిగుళ్లు గట్టిగా ఉన్నాయి, రక్తమే రాదు. మరి అది మంచిదే కదా?

ఈ ప్రాంతంలో మేము ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువగా మోసపుచ్చేదీ ఇదే. గుడాకు అంటే పొగాకు పొడిని బెల్లం పాకంతో కలిపిన ముద్ద. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే పొగాకు వాడేవాళ్ల చిగురు పాలిపోయి గట్టిగా కనబడుతుంది, లోపల ఎముక పోతున్నా రక్తం తక్కువ వస్తుంది. పొగతాగేవాళ్లలో ఇది బాగా రుజువైంది. చుట్ట తాగే మగవాళ్లకూ, అడ్డపొగ తాగే ఆడవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. గుడాకు, ఖైనీ, గుట్కా ఆనించే చోట చిగురు వేరువైపు జారి వేరు బయటపడుతుంది. వేలితో లోపలి దవడపన్ను పక్కన రుద్దేచోట చూడండి, చాలాసార్లు అక్కడే కనబడుతుంది.

పొగాకు వాడేవాళ్ల పాచిలో ఆక్సిజన్ గిట్టని చెడు జాతుల వాటా ఎక్కువని సూక్ష్మజీవుల అధ్యయనాలు చెబుతున్నాయి. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. రక్తం రాకపోవడాన్ని బట్టి ఈ అలవాటు ఉన్నవాళ్ల చిగుళ్లను అంచనా వేయకూడదు. ప్రోబ్ అనే గీతలున్న సన్నని కడ్డీతో పాకెట్ లోతు కొలవాలి, ఎక్స్‌రే చూడాలి. పనిలో పనిగా తెల్లమచ్చలు, మానని పుండ్ల కోసం నోరంతా చూపించుకోవాలి.

## పరీక్షలు

డీఎన్‌ఏ పరీక్షతో ఏ క్రిమి ఉందో కనిపెట్టి, దానికే మందు వేసుకోవచ్చా?

పరీక్ష ఉంది. దాన్ని చూసి మందు మార్చే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. చేసే తీరు ఇదీ: పన్ను పైన ఉన్న పాచి, ఉమ్మి తుడిచి, దూదితో చుట్టూ ఆరబెట్టి, లోతైన పాకెట్లోకి సన్నని కాగితపు పుల్లను దించి కొన్ని సెకన్లు ఉంచి తీస్తారు. అందులోని బ్యాక్టీరియా డీఎన్‌ఏలో 16ఎస్ అనే జన్యువును చదువుతారు. దాదాపు 1500 అక్షరాల ఈ జన్యువు ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది, జాతిని బట్టి కొద్దిగా మారుతుంది. దాన్ని బట్టి ఎవరెవరు ఉన్నారో తేలుతుంది.

తప్పులు ఇక్కడే దొర్లుతాయి. పుల్లకు ఉమ్మి తగిలితే నాలుక మీది బ్యాక్టీరియా ఫలితంలో కలుస్తుంది. చచ్చిన క్రిముల డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది. రిపోర్టులో ఉండేవి శాతాలే తప్ప అసలు సంఖ్యలు కావు. ఒక జాతి తగ్గిందంటే నిజంగా తగ్గిందో, మిగతావి పెరిగి దాని వాటా చిన్నదైందో తెలియదు. ఒకే నోట్లో రెండు పాకెట్లు రెండు రకాల ఫలితం ఇస్తాయి. ఇవన్నీ పక్కన పెట్టినా, ఎర్ర గుంపు జబ్బు లేనివాళ్లలో కూడా కొద్దిగా ఉంటుంది. అందుకే ఇప్పటికి ఈ పరీక్ష పరిశోధనకు పనికొచ్చేదే. ఆ డబ్బుతో శుభ్రంగా ఒక డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింది గార తీసే చికిత్స, చేయించుకోవచ్చు.

మా ఇంట్లో నాన్నకు, బాబాయికి చిన్నవయసులోనే పళ్లు పోయాయి. జన్యు పరీక్ష చేయించాలా?

మామూలుగా అక్కర్లేదు. వాపు సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-1 జన్యువులో తేడాను పట్టే పరీక్ష 1990ల్లోనే వచ్చింది, కానీ ఎవరికి పళ్లు పోతాయో నమ్మకంగా చెప్పలేకపోయింది. పెద్దల చిగుళ్ల జబ్బు వెనక ఒక్క జన్యువు ఉండదు, చాలా ఉంటాయి, ఒక్కొక్కదాని ప్రభావం చిన్నది. ఇంటి చరిత్ర తెలిస్తే చాలు, 18 ఏళ్లకే ప్రోబింగ్ మొదలుపెట్టించండి.

ఒక్క మినహాయింపు చిన్నపిల్లలు. పాలపళ్లు నాలుగైదేళ్లకే కదిలి ఊడుతూ, అరచేతులు, అరికాళ్ల చర్మం మందంగా పెచ్చులు కడుతుంటే పాపిలాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ అయి ఉండవచ్చు. దీనికి కారణం క్యాథెప్సిన్ సి జన్యువులో మార్పని 1999లో కనుగొన్నారు. మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో ఇలాంటివి బయటపడే అవకాశం ఎక్కువ. అలాంటి బిడ్డకు జన్యు పరీక్ష తప్పకుండా పనికొస్తుంది.

5 నిమిషాల్లో చిగుళ్ల జబ్బు చెప్పే స్ట్రిప్ ఉందట?

ఉంది. గర్భ పరీక్ష స్ట్రిప్ తరహాలో పనిచేస్తుంది. నోరు పుక్కిలించిన నీటిలో చురుకైన ఎంఎంపీ-8 మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే రెండో గీత వస్తుంది. ఫిన్లాండ్‌లో టిమో సోర్సా బృందం దీనిమీద ఏళ్లుగా పనిచేస్తోంది. బ్యాక్టీరియాను కాకుండా చిగురులో జరుగుతున్న విధ్వంసాన్ని కొలవడం దీని విశేషం. ఏ పన్ను దగ్గరో మాత్రం చెప్పలేదు. ప్రోబ్ పట్టుకునే డాక్టరు అందుబాటులో లేని రాయగడ, మల్కన్‌గిరి లోపలి ఊళ్లలో ఆశా కార్యకర్త చేతికి ఇలాంటిది వస్తే ఎవరిని ముందు పంపాలో తేల్చుకోవచ్చు. మా దృష్టిలో పరమాణు పరీక్షలన్నింటిలో మన ప్రాంతానికి ముందుగా అక్కరకొచ్చేది ఇదే.

చీటీలో స్టేజ్ 3, గ్రేడ్ సి అని రాశారు. క్యాన్సరా?

కాదు. 2018లో వచ్చిన చిగుళ్ల జబ్బు వర్గీకరణ అది. స్టేజ్ అంటే ఇప్పటిదాకా ఎంత పోయింది, గ్రేడ్ అంటే ఎంత వేగంగా పోతోంది. వేగం లెక్క మీరే వేసుకోవచ్చు: ఎక్కువగా దెబ్బతిన్న పన్ను దగ్గర ఎముక ఎంత శాతం పోయిందో దాన్ని మీ వయసుతో భాగించండి. 40 ఏళ్ల మనిషికి 50 శాతం పోతే 1.25. ఒకటి దాటితే గ్రేడ్ సి, 0.25 లోపైతే ఎ. మూడు నెలల షుగరు సగటు 7 శాతం, అంతకు మించి ఉన్నా, రోజుకు 10 సిగరెట్లు తాగినా నేరుగా సి కిందికి వస్తారు.

## ఇప్పుడున్న చికిత్స

కొత్త మందులు వస్తున్నాయంటున్నారు కదా, అప్పటిదాకా ఆగొచ్చా?

ఆగితే కొత్త మందు వచ్చేసరికి దాన్ని వాడటానికి పన్ను ఉండకపోవచ్చు. పరీక్షల్లో ఉన్న మందుల్లో దాదాపు అన్నీ క్లీనింగ్‌కు తోడుగా వాడేవే, దానికి బదులుగా కాదు. గట్టిపడిన గారను ఏ మందూ కరిగించదు.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4, అంతకు పైన ఉండి రక్తం వస్తే అక్కడ చిగురు కింది గారను మత్తు ఇచ్చి తీస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు సిట్టింగులు. తర్వాత మూడు నెలల లోపు మళ్లీ కొలుస్తారు. 6 మిల్లీమీటర్లు, ఆ పైన మిగిలిన పాకెట్లకు చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు. చెడు జాతులు వారాల నుంచి నెలల్లో తిరిగి చేరతాయి కాబట్టి ముదిరినవాళ్లు మూడు నెలలకోసారి రావాలి. ఇంట్లో బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్నగా కదిలించడం, సందుల్లో సరిపడే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడటం తప్పవు. వేపపుల్ల పన్ను పైభాగాన్ని శుభ్రం చేస్తుంది గానీ సందుల్లోకి వెళ్లదు.

స్కేలింగ్ చేయించాక పళ్లు వదులై సందులొచ్చాయి. పాడుచేశారా?

లేదు. అప్పటిదాకా సందుల్లో గార నిండి పళ్లను కట్టి ఉంచింది. అది తీసేసరికి, వాపు తగ్గేసరికి అసలు ఖాళీ బయటపడింది. కొద్ది వారాల్లో చిగురు బిగుస్తుంది, కదలడం కొంత తగ్గుతుంది. చల్లటి నీళ్లకు జివ్వుమనడం కూడా కొన్నాళ్లకు తగ్గుతుంది.

మెడికల్ షాపులో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ ఇచ్చారు. వాడగానే తగ్గింది, మానేయగానే మళ్లీ వచ్చింది. ఎందుకు?

పాచి పొర బంకలాంటి పదార్థంలో కూరుకుని ఉంటుంది. మందు దాని లోపలికి సరిగా చేరదు. గార తియ్యకుండా యాంటీబయాటిక్ వేస్తే పైపైన చీము తగ్గి, లోపలిది అలాగే ఉంటుంది. ఈ రెండు మందుల జంటను 1989 నుంచి చిగుళ్ల జబ్బుకు వాడుతున్నారు, అదీ డీప్ క్లీనింగ్‌తో కలిపి, సాధారణంగా 7 రోజులు, ఎంపిక చేసిన వాళ్లకే. జబ్బు నోరంతా వేగంగా పాకిన చిన్నవయసువాళ్లకు ఇది పనికొస్తుంది. అందరికీ అలవాటుగా ఇవ్వొద్దని 2020 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి. మెట్రోనిడజోల్ మీద ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండెదడ రావచ్చు. వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తం మరీ పలచబడుతుంది. షాపువాడు ఈ రెండూ అడగడు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రోజూ వాడితే చిగుళ్లు బాగుంటాయా?

రెండు వారాలు దాటొద్దు, డాక్టరు చెబితే తప్ప. 0.2 శాతానిది 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. పేస్టుతో తోమాక అరగంట ఆగాలి, పేస్టులోని నురుగు పదార్థం దీన్ని పనిచేయనీయదు. టీ తాగేవాళ్లకు పళ్లపై గోధుమరంగు మరకలు త్వరగా పడతాయి. పాకెట్ లోతుకు పుక్కిలింత చేరదు. 2020లో ఆరోగ్యవంతులపై జరిగిన ఒక అధ్యయనంలో ఏడు రోజుల వాడకంతోనే నోట్లో బ్యాక్టీరియా కూర్పు మారి లాలాజలం ఆమ్లంగా మారింది.

చిగుళ్లకు వైద్యం చేయిస్తే షుగరు తగ్గుతుందా?

కొంత. చాలా ట్రయల్స్‌ను కలిపి చూసే 2022 కాక్రేన్ సమీక్ష ప్రకారం చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) సగటున 0.43 శాతం తగ్గింది. అంటే 8.4 ఉన్నవాళ్లకు ఇంచుమించు 8కి వస్తుంది. షుగరు మాత్రలు మానేయడానికి ఇది కారణం కాదు.

## రాబోయే మందులు

క్రిమిని వదిలేసి వాపును అదుపుచేసే మందులు వస్తాయట. అవి ఏ స్థితిలో ఉన్నాయి?

ఒకటి ఇప్పటికే వచ్చి పాతబడింది కూడా. లార్న్ గోలబ్ అనే శాస్త్రవేత్త డాక్సీసైక్లిన్ మందుకు క్రిములను చంపే గుణంతో సంబంధం లేకుండా ఎంఎంపీ ఎంజైములను అణిచే గుణం ఉందని చూపారు. దాన్ని బట్టి రోజుకు రెండుసార్లు 20 మిల్లీగ్రాముల మాత్రను అమెరికా 1998లో అనుమతించింది. ఈ మోతాదు బ్యాక్టీరియాను చంపదు. షాపులో దొరికే 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ దీనికి బదులు కాదు, అది యాంటీబయాటిక్ మోతాదు. లాభం చిన్నది, వాడాల్సింది నెలల తరబడి. అందుకే యూరప్ మార్గదర్శకాలు దీన్ని సిఫారసు చేయలేదు.

ఇప్పుడు ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఏఎంవై-101 మీద. పి. జింజివాలిస్ ఏ కాంప్లిమెంట్ వరసను తన లాభానికి వాడుకుంటుందో, ఆ వరసలో కీలకమైన సీ3 ప్రోటీన్‌ను ఇది ఆపుతుంది. 2021లో వెలువడిన రెండో దశ ట్రయల్లో, అంటే మనుషులపై పరీక్షలో, 40 మందికి చిగురులో వారానికోసారి మూడు వారాలు సూదిమందుగా ఇచ్చారు. వాపు, రక్తం తగ్గాయి, ఆ మేలు 90 రోజుల దాకా నిలిచింది. అయితే అది చిగురు వాపు మీద జరిగిన ట్రయల్. ఎముక కరగడాన్ని ఆపుతుందని మనుషుల్లో తేల్చాలంటే పెద్ద ట్రయల్స్, ఏళ్ల సమయం కావాలి.

ఇంకో దారి, వాపును అణచడం కాకుండా ముగించడం. మన ఒంట్లోనే ఒమేగా-3 లాంటి కొవ్వుల నుంచి తయారయ్యే రిజాల్విన్లు, లైపాక్సిన్లు పని అయిపోయాక తెల్లకణాలను వెనక్కి పంపుతాయి. కుందేళ్లలో రిజాల్విన్ ఇ1 పూస్తే పోయిన ఎముక కొంత తిరిగి వచ్చింది. లైపాక్సిన్ లాంటి పదార్థంతో చేసిన పుక్కిలింత మందు మనుషుల్లో తొలిదశ పరీక్ష దాటింది.

జింజిపెయిన్లను ఆపే మాత్ర అల్జీమర్స్‌కు కూడా పనిచేస్తుందన్నారు. ఏమైంది?

2019లో అల్జీమర్స్ రోగుల మెదడులో జింజిపెయిన్లు కనబడ్డాయని ఒక పత్రం పెద్ద సంచలనం రేపింది. దాని ఆధారంగా అటుజాజిన్‌స్టాట్ అనే మాత్రను పరీక్షించారు. 2021లో ఆ ట్రయల్ ప్రధాన లక్ష్యాలను అందుకోలేదు, కొందరిలో కాలేయ ఎంజైములు పెరిగాయి. చిగుళ్ల బ్యాక్టీరియాతో మతిమరుపు వస్తుందని భయపెట్టే వీడియోలు ఈ రెండో సగాన్ని చెప్పవు.

ప్రోబయాటిక్ బిళ్లలు, మంచి బ్యాక్టీరియా నాటడం: ఇవి పనిచేస్తాయా? పెరుగు తింటే చాలా?

లాక్టోబాసిల్లస్ రూటెరీ బిళ్లల మీద చాలా ట్రయల్స్ జరిగాయి. కొన్నింటిలో క్లీనింగ్‌కు తోడుగా వాడితే పాకెట్ లోతు ఇంకాస్త తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు. 2020 యూరప్ మార్గదర్శకాలు ప్రస్తుతానికి వద్దన్నాయి. వాడినన్నాళ్లే ఆ బ్యాక్టీరియా నోట్లో ఉంటుంది, మానేస్తే వెళ్లిపోతుంది. పెరుగు, పఖాళం (నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం) ఒంటికి మంచివే గానీ వాటిలోని బ్యాక్టీరియా పన్ను సందులో కాపురం పెట్టదు.

ఆరోగ్యవంతుడి నోటి పాచిని రోగికి నాటడాన్ని కుక్కల్లో చేసి 2021లో ప్రకటించారు. రెండు వారాలు బ్యాక్టీరియా కూర్పు దాత వైపు మొగ్గింది, తర్వాత పట్టు జారింది. పాకెట్ వాచి ఉన్నంతకాలం అక్కడ రక్తం తాగే జాతులదే రాజ్యం. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్నాయి.

చిగుళ్ల జబ్బుకు టీకా?

మెల్‌బోర్న్‌లో ఎరిక్ రేనాల్డ్స్ బృందం జింజిపెయిన్‌పై తయారుచేసిన టీకా ఎలుకల్లో ఎముక నష్టాన్ని తగ్గించిందని 2016లో ప్రకటించింది. మనుషులకు వేసే టీకా ఏదీ బజారులో లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే మోసమే.

పోయిన ఎముక మళ్లీ పెరుగుతుందా?

ఆకారం కలిసొస్తే కొంత. వేరు పక్కన లోతుగా, ఇరుకుగా, గోడలు మిగిలిన గుంట ఉంటే అందులో ఎముక నింపవచ్చు. చుట్టూ సమానంగా అరిగిపోతే పట్టు దొరకదు. పంది పళ్ల పింగాణీ ప్రోటీన్ల జెల్ 1990ల నుంచి ఉంది. పీడీజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్‌ను అమెరికా 2005లో, ఎఫ్‌జీఎఫ్-2ను జపాన్ 2016లో అనుమతించాయి. ఇవన్నీ ఆపరేషన్ చేసి పెట్టేవే, ఖరీదైనవే.

మన దేశంలో చవక దారి ఒకటి వెతికారు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లను 1.2 శాతం జెల్‌గా, షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను 1 శాతం జెల్‌గా పాకెట్లో పెట్టి బెంగళూరు పరిశోధకులు మంచి ఫలితాలు చూపారు. స్టాటిన్ జెల్ ఆధారాలన్నీ ఒకే బృందం నుంచి వచ్చాయన్నది యూరప్ నిపుణుల అభ్యంతరం. అది న్యాయమైన అభ్యంతరమే. కటక్, విశాఖ, హైదరాబాద్ కాలేజీలు విడిగా చేసి చూపితే విలువ పెరుగుతుంది. షుగరు మాత్రను పొడిచేసి చిగుళ్లకు రాసుకోవడం మాత్రం వద్దు.

ఒక్కొక్కరికి ఒక్కో మందు అనే రోజు వస్తుందా?

అరుదైన జబ్బుల్లో వచ్చేసింది. ఎల్‌ఏడీ-1 అనే పుట్టు లోపంలో తెల్లకణాలు రక్తనాళం దాటి చిగురులోకి రాలేవు, చిన్నవయసులోనే పళ్లు పోతాయి. క్రిములను ఆపేవాళ్లు లేక అని అందరూ అనుకున్నారు. ఐఎల్-17 అనే సంకేతం అదుపు తప్పడమే కారణమని 2014లో తేలింది. 2017లో, ఆ సంకేతానికి మూలమైన ఐఎల్-23ని ఆపే యుస్టెకినుమాబ్ ఇస్తే ఒక రోగిలో చిగుళ్ల వాపు తగ్గింది. సోరియాసిస్‌కు వాడే మందు అది. మామూలు చిగుళ్ల జబ్బుకు ఇంత ఖరీదైన, రోగనిరోధకశక్తిని తగ్గించే మందు తగదు. దారి మాత్రం తెలిసింది.

## ట్రయల్లో చేరాలంటే

కొత్త మందు వార్త చూస్తే నమ్మాలా వద్దా, ఎలా తెలుస్తుంది?

మూడు చూడండి. పరీక్ష ఎలుకల్లోనా, మనుషుల్లోనా? చిగురు వాపు మీదా, ఎముక పోయిన జబ్బు మీదా? క్లీనింగ్ ఒక్కటే చేసినవాళ్లతో పోలిస్తే పాకెట్ ఎన్ని మిల్లీమీటర్లు అదనంగా తగ్గింది? ప్రోబ్ కొలతలోనే 1 మిల్లీమీటరు తేడా రావడం మామూలు. 0.2 మిల్లీమీటర్ల లాభాన్ని విప్లవమంటే అది అమ్మకపు మాట.

కటక్‌లో చిగుళ్ల మందు ట్రయల్ ఉందన్నారు. తెలుగు తప్ప ఒడియా చదవడం రాదు. చేరవచ్చా?

చేరవచ్చు. కటక్ ఎస్‌సీబీ డెంటల్ కాలేజీ లాంటి చోట్ల జరిగేవి ఎక్కువగా పీజీ విద్యార్థుల అధ్యయనాలు. ఒక జెల్‌నో పుక్కిలింతనో మామూలు క్లీనింగ్‌తో పోలుస్తారు. ముందు సీటీఆర్‌ఐ నమోదు సంఖ్య అడగండి. దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్టరు అది, ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. రోగుల క్షేమాన్ని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా అడగండి. మీకు ఏ గుంపు వస్తుందో చీటీలు తీసినట్టు తేలుతుంది, కొత్త మందే రావాలని పట్టుబట్టడానికి ఉండదు.

సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ల బాధ్యత. తెలుగులో కావాలని అడగండి. చదవడం రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట పూర్తిగా చదివి వినిపించాకే వేలిముద్ర వెయ్యాలి. కొత్త మందుల ట్రయల్స్‌కు వర్తించే 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు కావాలన్నా కారణం చెప్పకుండా మానుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆపకూడదు. సంతకం చేసిన పత్రం నకలు, మీరు ఫోన్ చేయాల్సిన వ్యక్తి నంబరు చేతికి వచ్చాకే మొదటి నమూనా ఇవ్వండి. బరంపురం నుంచి వెళ్లేవాళ్లు ఎన్నిసార్లు రావాలో, రైలు ఖర్చులు ఇస్తారో లేదో ముందే రాయించుకోండి. చాలామంది మధ్యలో మానేసేది మందు పడక కాదు, మూడో నెల కొలతకు మళ్లీ కటక్ వెళ్లలేక.